విదేశయానం - విద్యుత్ భద్రత

(వ్యాసం)

ప్రవేశిక

విద్య కోసం, ఉపాధి కోసం తెలుగువారు దేశదేశాలకు తరలివెళ్తున్న కాలమిది. ప్రయాణానికి ముందు పాస్‌పోర్టును, వీసాను, విమానపు టిక్కెట్టును పదేపదే సరిచూసుకొంటారు. పెట్టెలో సర్దుకొన్న చిన్నచిన్న విద్యుత్ పరికరాలు పరాయి గడ్డ మీద ఎట్లా పనిచేస్తాయన్న ఆలోచన మాత్రం చాలామందికి రాదు. ఆ పరికరాలను, వాటికి తోడుగా వాడే అడాప్టర్లను క్షేమంగా ఉపయోగించే విధానాన్ని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మంజీరా నదికి చేరువలో, నిజాంసాగర్ కాలువ నీటితో పచ్చబడిన ప్రాంతం బాన్సువాడ. పూర్వం నిజామాబాదు జిల్లాలో ఉండి, 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లాలో చేరిన ఈ పట్టణం చుట్టుపక్కల పల్లెలలో గల్ఫు దేశాలకు వెళ్ళినవారు లేని వాడ అరుదు. దుబాయి, మస్కటు, దోహా, రియాదు అన్న పేర్లు ఇక్కడి వృద్ధులకు కూడా పొరుగూరి పేర్లవలె పరిచితాలు. ఇటీవలి కాలంలో ఉన్నత విద్య కోసం అమెరికాకు, బ్రిటనుకు వెళ్ళే విద్యార్థుల సంఖ్య కూడా పెరిగింది.

ప్రయాణం నాటి ముందురాత్రి ఆ ఇంట పెట్టె సర్దడం ఒక చిన్న పండుగ. తల్లి మామిడికాయ తొక్కును పొట్లం కడుతుంది. తండ్రి కాగితాలను లెక్కపెడతాడు. చెల్లెలు, అన్న బట్టలు మడతపెట్టి, వాటి నడుమ ఇస్త్రీపెట్టెను, చిన్న రైస్‌కుక్కరును, గడ్డం గీసుకొనే యంత్రాన్ని, ఫోను చార్జరును అమరుస్తుంది. చివరికి ఎవరో ఒకరు, "అక్కడి ప్లగ్గు వేరట, అడాప్టరు కొన్నావా?" అని అడుగుతారు. బజారుకు పరుగెత్తి, చేతికి దొరికినదానిని కొని తెస్తారు. అంతటితో ఆ సమస్య తీరిందని అందరూ భావిస్తారు. నిజానికి సమస్య మొదలయ్యేది అక్కడే.

పట్టడం వేరు, సరిపడడం వేరు

కొన్ని సంవత్సరాల క్రితం మా తరగతిలోని ఒక విద్యార్థిని నన్నొక ప్రశ్న అడిగింది. షికాగోలో చదువుకొంటున్న ఆమె అన్న సెలవులకు వస్తూ, చెల్లెలి కోసం అక్కడ కొన్న తల ఆరబెట్టే యంత్రాన్ని, అంటే హెయిర్ డ్రయ్యరును తెచ్చాడు. దాని బల్లపరుపు పిన్నులు ఇంటిలోని ఎక్స్‌టెన్షన్ బోర్డులో సులభంగా దిగాయి. మీట వేయగానే యంత్రం పెద్దగా రోద చేసింది. లోపలి తీగ ఎర్రబడింది. క్షణాలలో కాలిన వాసన వచ్చి, యంత్రం శాశ్వతంగా మూగబోయింది. తండ్రి వెంటనే మెయిను స్విచ్చి తీయడం వల్ల మరే ప్రమాదమూ జరగలేదు. "సార్, బోర్డులో చక్కగా పట్టింది కదా! మరి ఎందుకు కాలిపోయింది?" అన్నది ఆ అమ్మాయి ప్రశ్న.

ఆమె మాటలోనే సమాధానం ఉంది. పిన్ను రంధ్రంలో పట్టడం వేరు. పరికరానికి విద్యుత్తు సరిపడడం వేరు. మొదటిది ఆకారానికి సంబంధించినది. రెండవది స్వభావానికి సంబంధించినది.

పదకొండవ శతాబ్దికి చెందిన కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యానికి ప్రాణమని ప్రతిపాదించి, 'ఔచిత్యవిచారచర్చ' అనే గ్రంథం రచించాడు. ఆభరణం ఎంత విలువైనదైనా, తగిన చోట ధరించనప్పుడు ధరించినవారిని నవ్వులపాలు చేస్తుందని ఆయన భావం. కావ్యంలో ఔచిత్యం తప్పితే రసభంగం కలుగుతుంది. విద్యుత్తు విషయంలో ఔచిత్యం తప్పితే ప్రాణభంగమే కలగవచ్చు.

ఇన్ని రకాలు ఎందుకు?

ప్రపంచమంతటా ఒకే విధమైన విద్యుత్ సరఫరా లేదు. అమెరికాలో ఎడిసన్ 1882లో న్యూయార్కు నగరంలోని పెర్ల్ వీధి కేంద్రం నుంచి ఇళ్ళకు విద్యుత్తును పంపినప్పుడు, దాని వోల్టేజి 110. తరువాత కాలంలో అక్కడ పద్ధతులు మారినా, ఆ తొలి అంకెకు దగ్గరలోనే సరఫరా స్థిరపడింది. నేడు అమెరికా ఇళ్ళలోని సాధారణ సాకెట్టులో 120 వోల్టులు, 60 హెర్ట్జుల విద్యుత్తు లభిస్తుంది. ఐరోపా దేశాలు దాదాపు రెట్టింపు వోల్టేజిని ఎంచుకొన్నాయి. మన దేశంలో 230 వోల్టులు, 50 హెర్ట్జులు. జపానులో 100 వోల్టులే.

సాకెట్ల కథ మరింత విచిత్రమైనది. మనం వాడే గుండ్రని మూడు పిన్నుల ప్లగ్గు బ్రిటిషువారి పాత నమూనా నుంచి వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత, రాగి కొరత ఉన్న రోజులలో, బ్రిటిషువారు ఇళ్ళలో తీగలు పరిచే పద్ధతినే మార్చుకొన్నారు. దానికి అనుగుణంగా 1947లో చదరపు పిన్నులు గల కొత్త ప్లగ్గును ప్రవేశపెట్టి, ప్రతి ప్లగ్గులోనూ ఒక ఫ్యూజును అమర్చారు. సరిగ్గా అదే సంవత్సరం మనకు స్వాతంత్ర్యం వచ్చింది. వారు విడిచిన పాత నమూనా మన దగ్గర నిలిచింది. వారి కొత్త నమూనా దుబాయి, ఖతారు, ఒమాను, కువైటు, బహ్రెయిను, సింగపూరు, మలేషియా మొదలైన చోట్లకు చేరింది. నేడు ప్రపంచంలో సుమారు పదిహేను రకాల ప్లగ్గులు వాడుకలో ఉన్నాయి. వాటిని అక్షరాలతో గుర్తిస్తారు. మన 6 ఆంపియర్ల ప్లగ్గు 'డి' రకం. బ్రిటను, గల్ఫు దేశాలది 'జి' రకం. అమెరికావి 'ఎ', 'బి' రకాలు.

అడాప్టరు చేసే పని ఈ ఆకారభేదాన్ని తొలగించడం మాత్రమే. మన ప్లగ్గును ఒకవైపు స్వీకరించి, పరదేశపు సాకెట్టులో ఇమిడే పిన్నులను మరొకవైపు అందిస్తుంది. అది వోల్టేజిని తగ్గించదు, పెంచదు. ఆ పని ట్రాన్స్‌ఫార్మరుది. ఈ ఒక్క భేదం తెలియకపోవడమే అనేక ప్రమాదాలకు మూలం.

లెక్క చెప్పే నిజం

షికాగో యంత్రం కథను లెక్కలో చూద్దాం. 120 వోల్టుల వద్ద 1500 వాట్లు తీసుకొనే యంత్రపు నిరోధం సుమారు 9.6 ఓములు. దానిని 230 వోల్టులకు కలిపితే సుమారు 24 ఆంపియర్ల ప్రవాహం పోతుంది. 6 ఆంపియర్ల సాకెట్టుకు అది నాలుగింతల భారం. యంత్రం మీద పడే శక్తి 5500 వాట్లు. అంటే తయారుచేసినవారు ఉద్దేశించినదానికి మూడున్నర రెట్లకు పైన. కాలిపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇందుకు విపర్యయంగా, మన ఊరిలో కొన్న 700 వాట్ల రైస్‌కుక్కరును అడాప్టరుతో అమెరికాలో పెడితే, అది 190 వాట్లకు మించి తీసుకోలేదు. అది కాలిపోదు, కాని బియ్యం ఉడకదు. తల్లి ప్రేమతో సర్దిన పాత్ర అలమరలో మూలపడుతుంది.

వోల్టేజి ఒక్కటే కాదు, పౌనఃపున్యం కూడా గమనింపదగినది. అమెరికాలోను, సౌదీ అరేబియాలోను 60 హెర్ట్జులు. విద్యుత్ సరఫరా పౌనఃపున్యాన్ని అనుసరించి నడిచే అమెరికా గడియారాన్ని ట్రాన్స్‌ఫార్మరు సాయంతో మన ఇంట నడిపినా, అది ప్రతి గంటకు పది నిమిషాలు వెనుకబడుతుంది. వోల్టేజిని సరిచేసిన ట్రాన్స్‌ఫార్మరు పౌనఃపున్యాన్ని మార్చలేదు. సౌదీలో మరొక జాగ్రత్త అవసరం. అక్కడి పాత భవనాలలో 127 వోల్టుల సాకెట్లు కూడా ఉండవచ్చు. అందువల్ల గదిలో అడుగుపెట్టగానే అక్కడివారిని విచారించి తెలుసుకోవడం మేలు.

పరికరం మీది శాసనం

శిలాశాసనాన్ని చదివి చరిత్రను గ్రహిస్తాం. ప్రతి విద్యుత్ పరికరం మీద కూడా ఒక చిన్న శాసనం ఉంటుంది. చార్జరు అడుగున, ఇస్త్రీపెట్టె మడమ వద్ద, కుక్కరు కింద సన్నని అక్షరాలతో ముద్రించి ఉండే ఆ పంక్తులను ప్రయాణానికి ముందే చదవాలి.

'ఇన్‌పుట్' అన్న మాట పక్కన 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జులు అని ఉంటే, ఆ పరికరం దాదాపు అన్ని దేశాలలోను పనిచేస్తుంది. దానికి సరైన ఆకారపు అడాప్టరు ఒక్కటి చాలు. సెల్‌ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్లలో అత్యధికం ఈ కోవకు చెందినవే. 220-240 వోల్టులు అని మాత్రమే ఉంటే, అది గల్ఫు దేశాలలోని 230 వోల్టుల సాకెట్టుకు, బ్రిటనుకు, ఐరోపాకు తగినది. అమెరికాకు, జపానుకు తగినది కాదు. కెటిల్, ఇస్త్రీపెట్టె, రైస్‌కుక్కరు వంటి వేడి పుట్టించే వస్తువులు సాధారణంగా ఈ రెండవ కోవలోనివి. వాటిని నడపగల ట్రాన్స్‌ఫార్మరు బరువైనది, ఖరీదైనది. దానిని మోయడం కంటే ఆ దేశంలోనే ఒక కెటిల్ కొనుక్కోవడం వివేకం.

ఆ శాసనంలో మరొక గుర్తు కూడా ఉంటుంది. ఒక చతురస్రంలో ఇంకొక చతురస్రం గీసి ఉంటే, ఆ పరికరానికి రెండు పొరల రక్షణ ఉన్నదని, ఎర్తు తీగ అవసరం లేదని అర్థం. ఆ గుర్తు లేక మూడు పిన్నుల ప్లగ్గుతో వచ్చిన వస్తువుకు ఎర్తు తప్పనిసరి.

మూడవ పిన్ను

మన ప్లగ్గులోని మూడు పిన్నులలో పైది లావుగా, పొడవుగా ఉంటుంది. అది ఎర్తు పిన్ను. ప్లగ్గు పెట్టేటప్పుడు అది అన్నిటికన్నా ముందు కలుస్తుంది. తీసేటప్పుడు అన్నిటికన్నా చివర విడిపోతుంది. ఇస్త్రీపెట్టెలో తీగ తెగి లోహపు ఒంటికి విద్యుత్తు సోకినప్పుడు, ఆ విద్యుత్తును మన దేహం గుండా పోనీయకుండా భూమికి చేర్చేది ఆ మార్గమే. పని చేస్తున్నట్లు కనిపించదు. ఆపద వేళ ప్రాణం నిలుపుతుంది.

గల్ఫు దేశాలలోని 'జి' రకపు సాకెట్టులో ఈ పిన్నుకు మరొక బాధ్యత కూడా ఉంది. అక్కడ కింది రెండు రంధ్రాలకు లోపల చిన్న తలుపులు ఉంటాయి. పొడవైన ఎర్తు పిన్ను దిగినప్పుడే అవి తెరుచుకొంటాయి. చిన్నపిల్లలు పుల్లలు గుచ్చినా ప్రమాదం కలగకూడదని చేసిన ఏర్పాటది. అయితే అడాప్టరు లేని మనవారు కొందరు ఏం చేస్తారు? పై రంధ్రంలో కలమునో, పుల్లనో గుచ్చి తలుపులు తెరిచి, రెండు పిన్నుల ప్లగ్గును కిందికి నెడతారు. పిన్నులు వదులుగా నిలిచి, నిప్పురవ్వలు చిమ్ముతాయి. ఎర్తు రక్షణ ఉండదు. గుచ్చినది లోహపు వస్తువైతే ఆపద ఇంకా పెద్దది.

ఈ అలవాటు అక్కడ పుట్టినది కాదు. మన ఊరి నుంచి మనవెంట వచ్చినదే. ప్లగ్గు లేని తీగల కొనలను సాకెట్టులో దూర్చి అగ్గిపుల్లలతో బిగించడం మనం చూడనిది కాదు. ఫ్యూజు పోతే దానికి బదులు లావు రాగితీగ చుట్టడం, "ఏమీ కాదులే" అని ధైర్యం చెప్పుకోవడం మన ఇళ్ళలో మామూలు. వస్తువులను పెట్టెలో సర్దేటప్పుడు ఈ అలవాట్లను మాత్రం ఇంటివద్దనే విడిచి వెళ్ళాలి. అంతకన్నా మేలు, ఇంట్లో కూడా మానుకోవడం.

మరొక సంగతి. 'ప్రపంచమంతటికీ ఒక్కటే' అని అమ్మే బహుదేశ అడాప్టర్లలో చాలావాటికి ఎర్తు సంబంధం ఉండదు. వాటి మూడవ పిన్ను కేవలం ప్లాస్టిక్. తలుపులు తెరవడానికి మాత్రమే పనికి వస్తుంది. అటువంటి అడాప్టరు ఫోను చార్జరుకు చాలు. లోహపు ఇస్త్రీపెట్టెకు, కెటిల్‌కు ఎంతమాత్రం తగదు.

అడాప్టరు శక్తి - గది భారం

అడాప్టరుకు కూడా ఒక హద్దు ఉంటుంది. దాని మీద 6 ఆంపియర్లు అని ఉంటే, 230 వోల్టుల దేశంలో అది 1380 వాట్ల వరకే మోయగలదు. అదే అడాప్టరు 120 వోల్టుల దేశంలో 720 వాట్లకు మించి మోయలేదు. హద్దు మీరితే లోపలి లోహం వేడెక్కుతుంది, ప్లాస్టిక్ మెత్తబడుతుంది, చివరకు నిప్పు అంటుకొంటుంది.

కొందరు కలిసి ఉండే కార్మికుల గదిని ఊహించండి. సాకెట్లు కొద్ది, అవసరాలు అనేకం. తెల్లవారుజామున అందరూ ఒకేసారి పనికి సిద్ధం కావాలి. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు 1500 వాట్ల కెటిల్, 1000 వాట్ల ఇస్త్రీపెట్టె, 700 వాట్ల కుక్కరు తగిలిస్తే మొత్తం 3200 వాట్లు. 13 ఆంపియర్ల ఫ్యూజు గల ప్లగ్గు 230 వోల్టుల వద్ద మోయదగిన భారం 2990 వాట్లే. చూడటానికి మూడు చిన్న వస్తువులు. కలిస్తే హద్దు దాటిన భారం. ఒకరి తరువాత ఒకరు వాడుకొంటే ఏ ఆపదా లేదు. నిద్రిస్తున్నవారి మంచాల నడుమ వేడెక్కిన బోర్డు పడి ఉండటం కన్నా, పది నిమిషాలు వేచి ఉండటం మేలు కదా! ఫ్యూజు పోయిందంటే అది మన మేలు కోరి చేసిన హెచ్చరిక. కారణం సరిచేసి, అంతే విలువ గల కొత్త ఫ్యూజు వేయాలే తప్ప తీగ ముక్కనో, మెరిసే కాగితాన్నో చుట్టరాదు.

పాటింపదగిన నియమాలు

1. ప్రయాణానికి ముందే పరికరం మీది వోల్టేజిని, వాట్లను చదివి ఒక కాగితం మీద రాసుకోవాలి. వెళ్ళే దేశపు వోల్టేజితోను, ప్లగ్గు రకంతోను పోల్చి చూడాలి.

2. మూడు పిన్నుల వస్తువుకు ఎర్తు సంబంధం ఉన్న అడాప్టరునే కొనాలి. ఆంపియర్ల విలువ ముద్రించి లేని అడాప్టరును కొనరాదు.

3. ఒక అడాప్టరుకు మరొక అడాప్టరును తగిలించరాదు. బరువుకు కిందికి వేలాడేది, వదులుగా కదిలేది, తాకితే వేడిగా తోచేది వెంటనే మానివేయదగినది.

4. మన దేశంలోను, బ్రిటనులోను సాకెట్టు పక్కన స్విచ్చి సాధారణం. అమెరికాలోను, ఐరోపాలోను సాకెట్టుకు స్విచ్చి సాధారణంగా ఉండదు. అక్కడ ముందుగా పరికరాన్ని ఆపి, తరువాత ప్లగ్గు తీయాలి. తీగ పట్టి లాగరాదు.

5. తడి చేతులతో తాకరాదు. బ్రిటనులోని స్నానపు గదులలో కనిపించే చిన్న సాకెట్టు గడ్డం గీసుకొనే యంత్రానికి ఉద్దేశించినది. హెయిర్ డ్రయ్యరుకు కాదు.

6. కెటిల్, కుక్కరు, ఇస్త్రీపెట్టె వంటివాటిని వసతిగృహపు గదులలో అనుమతించని విద్యాసంస్థలు ఉన్నాయి. నియమాలను ముందే తెలుసుకోవాలి.

7. పని ముగిసిన వెంటనే అడాప్టరును సాకెట్టు నుంచి తీయాలి. దిండు కింద, దుప్పటి కింద ఫోను చార్జింగు పెట్టరాదు.

8. విద్యుత్ పరికరం మండితే నీరు పోయరాదు. వీలైతే మెయిను స్విచ్చి తీసి, గది విడిచి, సహాయం కోరాలి. దుబాయి మొదలైన ఎమిరేట్లలో అగ్నిమాపక సేవకు 997, అమెరికాలో 911, బ్రిటనులో 999 నంబర్లు. షాకు తగిలినవారిని సరఫరా ఆపకముందు ఒట్టి చేతులతో తాకరాదు.

ముగింపు

విద్యార్థులారా! మీలో కొందరు రేపు విదేశాలకు వెళ్ళవచ్చు. మరికొందరి అన్నలు, బాపులు, చిన్నాన్నలు ఈ క్షణాన అక్కడి గదులలో ఉన్నారు. ఒక్కొక్కరి కష్టం మీద ఇక్కడ ఒక్కొక్క కుటుంబం, ఒక చదువు, ఒక పెండ్లి ఆధారపడి ఉన్నాయి. ఎడారి ఎండను ఓర్చి పనిచేసే మనిషి, అడాప్టరుకు పెట్టవలసిన కొద్దిపాటి రూకలు మిగుల్చుకోబోయి ప్రాణాన్ని పణంగా పెట్టరాదు. ఈ పాఠాన్ని పరీక్ష కోసం మాత్రమే చదవకండి. ఈ రాత్రి ఫోనులో మాట్లాడేటప్పుడు, "అన్నా, తిన్నవా?" అని అడిగిన తరువాత, "నీ చార్జరు ఎట్ల పెడుతున్నవు? పుల్ల గుచ్చుతున్నవా?" అని కూడా అడగండి.

పరదేశం వెళ్ళినవారు అక్కడి భాషను, మర్యాదను, వేళలను తెలుసుకొని మెలుగుతారు. అక్కడి విద్యుత్తు స్వభావాన్ని తెలుసుకోవడం కూడా అటువంటి మర్యాదే. పట్టిందల్లా సరిపడదు. సరిపడినదానినే వాడటం ఔచిత్యం. ఆ ఔచిత్యమే క్షేమం.

కఠిన పదాలు - అర్థాలు

పరిచితం = తెలిసినది
ఔచిత్యం = తగినదై ఉండటం
ఆలంకారికుడు = కావ్యశాస్త్ర పండితుడు
రసభంగం = కావ్యానుభూతి చెడిపోవడం
విపర్యయం = వ్యతిరేకం
నిరోధం = విద్యుత్ ప్రవాహాన్ని అడ్డగించే గుణం
పౌనఃపున్యం = ఒక సెకనులో విద్యుత్ తరంగం పునరావృతమయ్యే సంఖ్య
కోవ = వర్గం, తరగతి
పణం = పందెంగా ఒడ్డినది
రూకలు = డబ్బు

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.

1. 'పట్టడం వేరు, సరిపడడం వేరు' అన్న మాటను పాఠం ఆధారంగా వివరించండి.
2. ఎర్తు పిన్ను ప్రయోజనం ఏమిటి? గల్ఫు దేశాల సాకెట్టులో దానికి ఉన్న అదనపు బాధ్యత ఏది?
3. బహుదేశ అడాప్టరు ఇస్త్రీపెట్టెకు ఎందుకు తగదు?

ఆ) ఈ క్రింది ప్రశ్నకు వ్యాసరూప సమాధానం రాయండి.

విదేశాలలో చిన్న విద్యుత్ పరికరాలను వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను ఉదాహరణలతో వివరించండి.

ఇ) చేసి చూడండి.

మీ ఇంటిలోని మూడు విద్యుత్ పరికరాల మీద ముద్రించిన వివరాలను చదివి, అవి అమెరికాలోను, దుబాయిలోను పనిచేస్తాయో లేదో కారణాలతో రాయండి. విదేశంలో ఉన్న బంధువుకు ఆ విషయం తెలియజేస్తూ ఒక లేఖ రాయండి.